పేరు లేని ఐదుగురు

సుప్రీంకోర్టు ఢిల్లీలో అన్న మాట దేవ్లా తండాకు చేరడానికి ఐదు వారాలు పట్టింది. కోర్టు ఆ మాట అన్నది 2006 డిసెంబరు పదమూడున. టేకులపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆ డెబ్బై గడపల తండాకు దాన్ని మోసుకొచ్చింది సంగీత. ఓపెన్ డిగ్రీ హాల్‌టికెట్ కోసం ఇల్లెందు వెళ్ళి, నెట్ సెంటర్లో తన వంతు వచ్చేదాకా పేపరు తిరగేస్తుంటే లోపలి పేజీలో కనిపించింది. ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం నలభై మంది ఉండి, అంగన్‌వాడీ లేని ఆవాసం ఏదైనా సరే, అక్కడివాళ్ళు అడిగిన మూడు నెలల్లోగా అంగన్‌వాడీ పెట్టి తీరాలి. వార్త అంతే, నాలుగు వరుసలు.

సంగీత చదివింది. గెలిచింది మాత్రం ఆమె అత్త బానోతు ద్వాలి. అక్షరం ముక్క రాదు. తండాలో ముప్పై ఏళ్ళుగా మంత్రసాని.

ఇలాంటి కథ మొదలుపెట్టగానే న్యాయదేవత కళ్ళగంతల గురించీ, అడవి బిడ్డల అమాయకత్వం గురించీ రెండు పేరాలు రాయడం మనవాళ్ళకు అలవాటు. ద్వాలి అమాయకురాలు కాదు. తండాలో ఎవరి కోడలికి ఎన్నో నెలో మొగుడికంటే ముందు తెలిసే మనిషి ఆమె. కోర్టు విషయానికొస్తే, ఆ గుమ్మం ఎక్కిన పిటిషన్లలో చాలావాటిని రెండు నిమిషాల్లో వెనక్కి పంపించేస్తారు. 2001లో రాజస్థాన్ నుంచి వెళ్ళిన ఆహార హక్కు కేసును మాత్రం పంపలేదు. 196 నంబరు మీద ఏళ్ళ తరబడి అట్టిపెట్టుకుని, ఆర్డరు మీద ఆర్డరు ఇస్తూ వచ్చారు. ఈ నాలుగు వరుసలు అందులోవే. కాని ఆర్డరుకు కాళ్ళుండవు. ఎవరో ఒకరు దాన్ని నడిపించాలి.

ద్వాలి ఎందుకు నడిపించిందో చెప్పాలంటే ముందు తాడు గురించి చెప్పాలి.

జనవరి వచ్చిందంటే తండా సగం ఖాళీ. ఆడవాళ్ళంతా ట్రాక్టర్లెక్కి ముదిగొండ వైపు మిర్చి ఏరడానికి పోతారు. వారాల తరబడి అక్కడే గుడిసెలేసుకుని ఉంటారు. చంటిపిల్లలను పాలకోసం వెంట తీసుకుపోక తప్పదు. ఆ ఘాటుకు పిల్లల కళ్ళు వాచిపోతాయి. నడక వచ్చిన పిల్లల్ని మిర్చి తోటలో పట్టుకోలేరు కనుక ద్వాలి దగ్గర వదిలి వెళతారు. ఒక్కో ఏడు పదిహేను మంది, ఒక్కో ఏడు ఇరవై మంది. తండా పక్కనే వాగు. ద్వాలికి రెండు కళ్ళు, అందులో ఒకదానికి శుక్లం. అందుకని మరీ దుడుకు పిల్లల నడుముకు మెత్తటి గుడ్డ చుట్టి, దానికి తాడు కట్టి, తాడు రెండో కొస పందిరి గుంజకు కట్టేది. ఒకసారి పట్నం నుంచి వచ్చిన ఒకావిడ ఆ తాడు చూసి కన్నీళ్ళు పెట్టుకుని ఫోటో తీసుకుపోయింది. ఫోటో పోయింది, తాడు ఉంది.

దగ్గరలోని అంగన్‌వాడీ వాగు అవతల ఊళ్ళో, మూడు కిలోమీటర్లు. పేరుకు అది ఈ తండాకు కూడా కేంద్రమే. రెండేళ్ళ పిల్లవాడు మూడు కిలోమీటర్లు నడిచి, వాగు దాటి, ఇంత తిని మళ్ళీ వస్తాడని ఎవరో రాసిపెట్టారు.

సంగీత వార్త చెప్పిన రోజు ద్వాలి ఒకే ప్రశ్న అడిగింది.

"అడుగుడు ఎట్ల? నోటితోనా, కాగితం మీదనా?"

కాగితం మీదే. జనవరి ఇరవై రెండున, సోమవారం, తండావాళ్ళు ముప్పై ఒక్క మంది వేలిముద్రలూ సంతకాలూ పెట్టిన దరఖాస్తు అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకుని వచ్చారు. ముద్ర కోసం సాయంత్రం దాకా కూర్చున్నారు. ద్వాలి ఆ తేదీ నుంచి వేళ్ళ మీద మూడు నెలలు లెక్కపెట్టుకుంది. ఏప్రిల్ ఇరవై రెండు. తొమ్మిది నెలల లెక్కలు చూసేదానికి మూడు నెలలు ఏపాటి?

ఫిబ్రవరి మొదటి వారంలో సూపర్‌వైజర్ భార్గవి స్కూటీ మీద వచ్చింది. సత్తుపల్లి వైపు పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు, పని మీద శ్రద్ధ ఉంది. ఇల్లిల్లూ తిరిగి అడిగింది, చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. వారం తర్వాత ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆరేళ్ళలోపు పిల్లలు ముప్పై ఏడు. నలభైకి ముగ్గురు తక్కువ. అర్హత లేదు.

ద్వాలి ఆ కాగితం చదివించుకుని నవ్విందట. తండాలో ఉన్నది నలభై ఇద్దరు. బొడ్డు కోసిన చేతికి తెలియదా?

లెక్క ఎక్కడ తప్పిందో రాత్రికి తేలింది. తేడా ఐదు. ఐదుగురూ మగపిల్లలే, ఐదుగురూ పోయిన హోలీ తర్వాత పుట్టినవాళ్ళే. తండాలో ఆడపిల్లకు పుట్టిన కొన్నాళ్ళకే పేరు పెట్టేస్తారు. మగపిల్లవాడికి మాత్రం హోలీ నాడు ధూండ్ అనే వేడుక చేసి, అందరి ముందూ పెడతారు. ఏ నెలలో పుట్టినా హోలీ దాకా ఆగాల్సిందే. అందాకా వాడు ఫలానావాళ్ళ పిల్లగాడు, అంతే. భార్గవి దగ్గరున్న ఫారంలో మొదటి గడి 'పిల్లల పేరు'. ఆమె పేర్లు అడిగింది, వీళ్ళు పేరున్న పిల్లల్ని చెప్పారు. పేరు లేనివాణ్ణి ఎలా చెబుతారు? ఆమె మోసం చేయలేదు, వీళ్ళు దాచలేదు. ఐదుగురు పిల్లలు మాత్రం ఆ రెండు మర్యాదల మధ్య నుంచి జారిపోయారు.

అత్తాకోడళ్ళు మళ్ళీ ఆఫీసుకు వెళ్ళారు. ప్రాజెక్టు ఆఫీసరు వినకపోలేదు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన తానే వచ్చి రెండోసారి లెక్క చూస్తానన్నాడు. ఈసారి ప్రతి పిల్లవాణ్ణీ కళ్ళతో చూడాలి, పేరుతో సహా. మార్చి అంతా ఆఫీసులో ఏడాది చివరి పని, కదలడానికి లేదు. ఆ రోజు తప్పితే మళ్ళీ ఏప్రిల్లోనే.

ఏప్రిల్ దాకా ఆగితే ఏమవుతుందో ద్వాలి బస్సులోనే లెక్కకట్టింది. మార్చిలో ముగ్గురు పిల్లలకు ఆరేళ్ళు నిండుతాయి. నలభై రెండులో ముగ్గురు పోతే ముప్పై తొమ్మిది. ఏప్రిల్ నెలాఖరు దాకా తండాలో కాన్పులు లేవు, అది ఆమెకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. హోలీ మార్చి మొదటి వారంలో. అంటే హోలీకి ముందు లెక్కపెడితే పేర్లు చాలవు, ఏప్రిల్లో లెక్కపెడితే పిల్లలు చాలరు. ఈ ఏడు పోతే మళ్ళీ మిర్చి, మళ్ళీ తాడు. రెండో కంటికీ శుక్లం వస్తోంది. తాడు మీద నమ్మకం పెట్టుకుని ఇరవై మందిని ఇంకెన్నాళ్ళు కాయగలదు?

తండా పెద్ద, నాయక్ దేవ్లాను అడిగారు. ఆయన తాత పేరు మీదే తండా, ఆయనకూ అదే పేరు. ఈ ఒక్క ఏడూ ధూండ్ నాలుగు రోజులు ముందు చేయరాదా అని సంగీత అడిగితే, దేవ్లా బీడీ ఆర్పి తీరిగ్గా అందుకున్నాడు.

"జడ్జి చెప్పిండని చందమామ జల్దీ నిండుతడా బిడ్డా?"

పక్కనున్న ముసలివాళ్ళు నవ్వారు. ఆ రోజు నుంచి ద్వాలికి తండాలో జడ్జమ్మ అని పేరు పడింది. బోరింగు దగ్గర ఆడవాళ్ళు కూడా, జడ్జమ్మా, మా మేక కేసు ఎప్పుడు తెములుతది అని అడిగేవాళ్ళు. ద్వాలి పట్టించుకోలేదు. నిజానికి ధూండ్ ముందుకు జరపడం ఆమెకూ ఇష్టం లేదు. ఇందులో సంస్కృతి పరిరక్షణ ఏమీ లేదు. ముదిగొండ నుంచి జనం వచ్చేదే హోలీకి, జనం లేని ధూండ్‌లో పేరు పెడితే అది ఎవరికి గుర్తుంటుంది అని ఆమె వాదన.

అయితే అందరికీ ఏదో ఒక పేరు రాయించేద్దాం, హోలీకి అసలు పేరు పెట్టుకుందాం అంది సంగీత. చదువుకున్నవాళ్ళకు తోచే ఉపాయమే. ద్వాలి ఒప్పుకోలేదు. ఆమె మొగుడి పాస్‌బుక్కులో అతని పేరు ఉండాల్సినచోట తండ్రి పేరు రాశారు. దాన్ని దిద్దించడానికి నాలుగేళ్ళు తిరిగి, దిద్దకముందే అతను పోయాడు. పుట్టగానే పిల్లల నెత్తిన దొంగపేరు ఒకటి ఎక్కిస్తే వాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా దాన్ని దింపుకోవడానికే తిరుగుతారని ఆమెకు అనుభవం చెప్పింది.

మర్నాడు తానే ఇల్లెందు బయల్దేరింది.

నెట్ సెంటర్ అజారుద్దీన్‌ది. బస్టాండు పక్కన నాన్న టైలరింగ్ షాపును సగానికి అడ్డంగా చెక్క కొట్టి పెట్టుకున్నాడు. ఒకవైపు కుట్టు మిషన్లు, రెండోవైపు మూడు కంప్యూటర్లు. బీకాం చదివాడు, ఇంగ్లీషు బాగా వచ్చు. సంగీత కోసం అంతకుముందే కోర్టు వెబ్‌సైటు నుంచి ఆర్డరు దించి ప్రింటు తీసిపెట్టాడు. ద్వాలి కుర్చీలో సర్దుకుని కూర్చుని, అందులో ఏముందో వరుసగా తెలుగులో చెప్పమంది. అతను చెప్పాడు. అంగన్‌వాడీ పేరా దగ్గర ఆపింది. మళ్ళీ చెప్పమంది. మూడోసారి కూడా చెప్పించుకుని అడిగింది.

"పేర్లు కావాలె అని ఉన్నదా?"

"లేదవ్వా. పిల్లలు అని ఉంది. నలభై మందికి తక్కువ కాకుండా, అంతే."

"మంచిగ చూడు. ఎనక పక్క గిట్ల రాసిండేమో."

"ఎనక పక్క ఏం లేదవ్వా. ప్రింటు తీసింది నేనే గదా."

ద్వాలి ఆ కాగితం మీద ఆ పేరా ఎక్కడుందో వేలు పెట్టించుకుని, అక్కడ చిన్న మడత పెట్టింది. బస్సులో వస్తూ ఇంకో సంగతి తట్టింది. ఇంటికొచ్చి సంగీతను పిలిచి, మిర్చికి పోకముందు సూదుల నర్సమ్మ వచ్చినప్పుడు పిల్లలకిచ్చిన టీకాల కార్డులున్నాయే, పేరు లేని పిల్లగాడి కార్డు మీద ఏం రాసిందో చూడమంది. సంగీత పక్కింటి కమ్లి వాళ్ళ పెట్టెలోంచి కార్డు తీయించి చదివింది. 'బేబీ ఆఫ్ కమ్లి', పుట్టిన తేదీ, ఎడమ భుజాన బీసీజీ. పక్కన నర్సు సంతకం.

అప్పుడు ద్వాలి మొదటిసారి, మనం గెలిచినం అంది. లెక్కకు ఇంకా ఐదు రోజులుంది.

ఆ ఐదు రోజుల్లో ఆమె చేసింది ఒకటే పని. మణుగూరు బొగ్గు గనుల్లో కాంట్రాక్టు పనిచేసే కొడుకు శ్రీనివాస్‌ను సెలవు పెట్టించి, వెంటేసుకుని ముదిగొండ పోయింది. మిర్చి తోటలో వరసల మధ్య నిలబడి, చంటిపిల్లల తల్లుల్ని ఒక్కొక్కరినే పిలిచింది. మిర్చి రాలిపోయే రోజుల్లో కూలీల్ని తీసుకుపోతే ఎలా అని తోట ఆసామి గొణిగాడు. ఆయన పెద్ద కొడుక్కి కామెర్లొచ్చినప్పుడు పసరు మందు పోసింది తనేనని ద్వాలి గుర్తుచేసింది. ట్రాక్టరు ఆయనే ఇచ్చాడు. తొమ్మిది మంది తల్లులు, తొమ్మిది మంది చంటిపిల్లలు, అందరూ ఇరవై ఏడు సాయంత్రానికి తండాలో దిగారు. ఇళ్ళల్లో పెట్టెల అడుగున భద్రంగా ఉన్న కార్డులు బయటికొచ్చాయి.

ఇరవై ఎనిమిదిన పది గంటలకు జీపు వచ్చింది. ఆఫీసరు, ఆయన వెనక రిజిస్టరుతో భార్గవి. దేవ్లా ఇంటి ముందు వాకిట్లో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టారు. ద్వాలి ఆ ఐదుగురినీ అందరికీ ముందు వరసలో, బొంత మీద పడుకోబెట్టించింది. పేరున్న ముప్పై ఏడుగురూ చకచకా అయిపోయారు. ఒకడు ఆఫీసరు బూటు పట్టుకుని వదల్లేదు, వాణ్ణి ఒలిచి తీయాల్సి వచ్చింది. భార్గవి ముప్పై ఎనిమిదో వరసలో పెన్ను ఆపింది.

విషయం ఇక్కడికే వస్తుందని ముందే అనుకున్నవాడిలాగా ఆఫీసరు మెత్తగా చెప్పాడు. రిజిస్టర్లో పేరు గడి ఖాళీగా వదలకూడదు. రేపు ఆడిటువాళ్ళు అడిగితే ఆయన ఏం చెప్పాలి?

"ఆడిటోళ్ళు సుప్రీంకోర్టు కంటే పెద్దోళ్ళా సార్?" అంది ద్వాలి.

వెనకనున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ద్వాలి మడత పెట్టిన కాగితం సంగీత చేతికిచ్చింది. సంగీత ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి చదివింది. ఒక్క మాట కూడా మింగలేదు. ఆఫీసరు కాగితం తీసుకుని తానే చదువుకున్నాడు. బొంత మీది పిల్లల వంక చూశాడు. తేదీలకు రుజువు ఏముందని అడిగాడు. ఆ ప్రశ్న కోసమే ద్వాలి ఐదు రోజులుగా కాచుక్కూర్చుంది. ఐదు కార్డులూ ఒక్కో పిల్లవాడి పొట్ట మీద ఒక్కోటి పెట్టింది. బేబీ ఆఫ్ కమ్లి, బేబీ ఆఫ్ చాంది, బేబీ ఆఫ్ బూలి. అన్నీ సర్కారు కార్డులే, అన్నిటి మీదా సర్కారు నర్సు సంతకమే.

"ఇది గూడ మీ సర్కారే గద సార్. సూదికి లెక్కకొచ్చినోడు బువ్వకు లెక్కకు రాడా?"

ఆఫీసరు చెడ్డవాడు కాదు, గడులకు అలవాటు పడ్డవాడు. సర్కారు కొలువులో చాలామంది కథ అదే. కార్డులు ఒకటికి రెండుసార్లు తిప్పి చూసి, భార్గవి వైపు తల తిప్పి, కార్డు మీద ఎట్లుంటే అట్లనే రాయమన్నాడు. ఆ మాట పూర్తయ్యే లోపే భార్గవి పెన్ను కదిలింది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. నలభై దగ్గర దేవ్లా అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఆమె ఆపకుండా నలభై రెండు దాకా రాసి, కింద గీత కొట్టి, ఆఫీసరు చేత సంతకం పెట్టించింది.

జీపు మలుపు తిరిగింది. తర్వాత డప్పు ఎవరు తెచ్చారో కాని, హోలీ ఆ తండాకు ఆ ఏడు నాలుగు రోజులు ముందే వచ్చింది. చందమామ నిండకపోయినా దేవ్లా కూడా ఆడాడు.

అసలు హోలీ నాడు ధూండ్ ఘనంగా చేశారు. పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఒకరు కూర్చుంటే, పైన అడ్డంగా కర్ర పట్టి, మిగతావాళ్ళు దాని మీద కర్రలతో తాళం వేస్తూ దీవించారు. చాంది మొగుడు తన కొడుక్కి జడ్జి అని పేరు పెడతానని పట్టుబట్టాడు. పిల్లవాడు రేపటి నుంచి తల్లికే తీర్పులు చెబుతాడని ద్వాలి వద్దంది. మోతీలాల్ అని పెట్టారు. సెలవు రోజైనా భార్గవి వచ్చింది. మొహం నిండా రంగు పూయించుకుని, చీర మార్చుకోకుండానే, రిజిస్టరు తెరిచి బేబీల పక్కన ఐదు పేర్లూ రాసుకుంది.

మంజూరు కాగితం ఏప్రిల్ పంతొమ్మిదిన వచ్చింది, గడువుకు మూడు రోజుల ముందు. ట్రాక్టరు షెడ్డు దేవ్లా ఇచ్చాడు. ఆగస్టులో కేంద్రం తెరిచిన రోజు కేసంతా తానే నడిపినట్టు అందరికీ వివరించాడు. ద్వాలి అడ్డుకోలేదు, షెడ్డు ఆయనదే కదా. టీచరుగా చేరమని సంగీతను అడిగారు. తనకు డిగ్రీ పూర్తి చేయాలని ఉందని చెప్పింది, బూలి ఆడబిడ్డ చేరింది.

మొదటి నెల సరుకు నలభై మందికి సరిపడా మాత్రమే వచ్చింది. అప్పటికి ఆరేళ్ళు దాటిన ముగ్గురు బడికి పోయారు, ముగ్గురు కొత్తగా పుట్టారు, లెక్క మళ్ళీ నలభై రెండే. ఇద్దరికి తగ్గితే ఏమవుతుంది, సర్దుకోండి అని ఆఫీసు నుంచి కబురు. ద్వాలి పెట్టెలోంచి కాగితం తీయించింది. మడత దగ్గర చదివించింది. నలభై అని ఉందా, నలభైకి తక్కువ కాకుండా అని ఉందా అని సంగీతను అడిగి, జవాబు విని, తెల్లారి మొదటి బస్సుకు బయల్దేరమంది. రెండో నెల నుంచి నలభై రెండుకూ వచ్చింది.

2008 జనవరిలో ట్రాక్టర్లు ముదిగొండకు బయల్దేరాయి. తల్లులు నడక వచ్చిన పిల్లల్ని ఈసారి ద్వాలి పందిరి దగ్గర కాకుండా ట్రాక్టరు షెడ్డు దగ్గర దింపారు. పగలు అక్కడే తిండి, అక్కడే ఆట, చూసుకోవడానికి టీచరూ ఆయా. సాయంత్రానికి మాత్రం ద్వాలి ఇంటికి. ఆమె పొద్దున్నే షెడ్డు దాకా వెళ్ళి, తలలు లెక్కపెట్టుకుని, ఎండ ఎక్కకముందే తిరిగొచ్చింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ వేళప్పుడు ఆమెకు చేయడానికి పనేమీ లేదు. గుంజకున్న తాడు విప్పి దులిపి, కొత్తగా కొన్న మేకకు కట్టింది. మధ్యాహ్నానికల్లా మేక దాన్ని కొరికి తెంపుకుని షెడ్డు వైపు పరుగెత్తింది. తెచ్చి మళ్ళీ కట్టమని ఎవరో అంటే, పోనీ అంది ద్వాలి, నిద్రలోంచే.